వేపపూత వేసిన చెయ్యి

ఉదయగిరి,
18-2-1953

ప్రియమైన సీతకు,

నీ రెబెక రాసే ఉత్తరం. దేవుని దయవల్ల నేనూ మా అమ్మా బాగుండాము. నువ్వూ, మీ ఆయనా, మీ అత్తగారూ క్షేమమని తలుస్తాను. నీకు ఉత్తరం రాసి రెండేళ్లు దాటింది. పనిబడితేగాని రాయదు ఈ మనిషి అనుకుంటావేమో. అనుకో. పనిబడే రాస్తా ఉండాను.

మా ఆడపిల్లల బడిలో ఈ ఏడు నాకు మూడో తరగతి ఇచ్చినారు. ఉద్యోగం ఇంకా టెంపరరీనే. మూడో తరగతికి ప్రకృతి పాఠమని ఒకటి ఉండాది. పుస్తకంలో గులాబి, తామర, ఇంకా నేనే ఎప్పుడూ చూడని చలిదేశపు పూలేవో ఉండాయి. మొన్న పిల్లల్ని "వసంత కాలంలో ఏ పూలు పూస్తాయి?" అని అడిగితే అందరూ గొంతెత్తి "గులాబి, తామర" అన్నారు. కిటికీలోంచి చూస్తే దుర్గం కొండ కింద మోదుగలు మండిపోతా ఉండాయి. ఒక్కరు కూడా ఆ పక్కకు తల తిప్పలేదు. వాళ్లను అనేదేముంది, చూడమని నేనెప్పుడైనా చెప్పుంటే గదా.

అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు. మనం ఐదో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు పలక మీద తొండను గీసి బల్ల మీద పెడితే, ఇన్నయ్య పంతులు నిజం తొండనుకొని బెత్తం తీసుకున్నాడే, అది. నాకు బొమ్మ రాదు. నేను ఆవును గీస్తే పిల్లలు బల్ల అంటారు. మీ ఆత్మకూరులో ఇప్పుడు ఏ పూత పూస్తా ఉంటే అది, వేపో మునగో కానుగో, బొమ్మలేసి పంపు. గోడకు తగిలించి పాఠం చెప్పుకుంటాను.

ఒకే ఒక్క షరతు. ముందు ఆ కొమ్మ ఎదురుగా కూర్చో. పెన్సిలు ముట్టుకోవద్దు. ఒక గంటసేపు ఊరికే చూడు. ఇంటి పనులు, అంగడి సంగతులు మనసులోకి వస్తాయి. రానీ, పోనీ. మళ్లీ కొమ్మనే చూడు. మనకు తెలిసిన వేప వేరే, ఎదురుగా ఉండే వేప వేరే. ట్రెయినింగులో ఒక ముసలి టీచరమ్మ మాకు నేర్పింది ఈ పద్ధతి. మా పిల్లలకు ఇప్పుడు రోజూ అదే చెప్తా ఉండాను, ఉన్నది ఉన్నట్టు చూడండమ్మా అని.

జవాబుకు ఎదురుచూస్తా ఉంటాను.

నీ రెబెక


ఆత్మకూరు,
4-3-1953

ప్రియమైన రెబెకా,

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది. పెళ్లయి పన్నెండేళ్లు. ఈ పన్నెండేళ్లలో నా చెయ్యి వాకిట్లో ముగ్గు తప్ప ఇంకేమీ గీసి ఎరగదు. ఆ ముగ్గు కూడా మా అత్తమ్మ నేర్పిందే. చుక్క తప్పితే చీపురు తెచ్చి చెరిపేస్తుంది. నా వల్ల కాదని రాసేద్దామని కార్డు కూడా తెప్పించినా.

ఆదివారం మధ్యాన్నం అందరూ తిని పడుకుంటే దొడ్లో వేపచెట్టు కింద పీట వేసుకొని కూర్చున్నా. గంటసేపు చూడమంటివి. నాకు పావుగంట కూడా కుదరలేదు. కందిపప్పు నానబెట్టినానా లేదా, చాకలికి పంచెలు ఎన్ని వేసినా, ఇవే. మళ్లీ సోమవారం కూర్చున్నా. మంగళవారం కూర్చున్నా. ఆ రోజు ఏమైందంటే, నేను రోజూ ఆ చెట్టు కింద అంట్లు తోముతాను గదా, దాని చిగురు ఎర్రగా ఉంటుందని నాకు తెలియదే! రాగిచెంబును చింతపండుతో తోమితే వచ్చే రంగు. పూత ఇప్పుడిప్పుడే విచ్చుకుంటా ఉండాది. అయిదు రేకులు, నడిమధ్యన ఒక చిన్న గొట్టం, ఆవగింజ కంటే కాస్త పెద్దది. వాసన తేనె మాదిరి. అంత చేదు చెట్టుకు ఆ వాసనేంది?

చూస్తా చూస్తా పొయ్యి మీద పప్పు మర్చిపోయినా. మాడిపోయింది. మా అత్తమ్మ మాలకొండమ్మ గారు దొడ్లోకొచ్చి, "ఏందే, చెట్టుతో మాట్లాడతా ఉండావా? గాలేమన్నా సోకిందా?" అని అడిగింది. తల వంచుకొని లోపలికి పోయినా. అయినా రెబెకా, నిజం చెప్తా, మాడిన పప్పు గిన్నె తోముతా కూడా లోపల ఏదో సంతోషంగా ఉండాది.

మా బట్టల అంగట్లో బేళ్ల మధ్యన మందం అట్టలొస్తాయి. ఒకటి తీసుకొని దాని వెనక వేసినా. పసుపు, దీపం మసి, ఆకు పసరు, బట్టలకు వేసే నీలిమందు, చిగురుకు కాస్త పారాణి. తెలుపుకు సున్నం. బాగలేకపోతే పొయ్యిలో వెయ్యి, ఎవరికీ చూపొద్దు.

నీ సీత


ఉదయగిరి,
18-3-1953

ప్రియమైన సీతకు,

బొమ్మను పొయ్యిలో వెయ్యమని రాసినావే, నిన్ను తన్నాల. గోడకు తగిలిస్తే పిల్లలు పాఠం మానేసి దాని ముందరే నిలబడిపోయినారు. చెంచమ్మ అనే పిల్ల ఉండాది, గొర్రెలు మేపేవాళ్ల పిల్ల, ఎప్పుడూ నోరు తెరవదు. అది బొమ్మను చూసి, "టీచరమ్మా, ఇది మా గుడిసె ముందరి చెట్టే" అన్నది. అందరినీ బయటికి తీసుకుపోయి బొమ్మనూ చెట్టునూ పక్కపక్కన పెట్టి చూడమన్నా. వాళ్లు నీ తప్పొకటి పట్టినారు. నువ్వు ఆకును రెండు పక్కలా సమంగా గీసినావు. వేపాకు ఈనెకు ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం. నాకూ తెలియదు. ముప్ఫైయేళ్లొచ్చినాయి మనకు, ఒక్క వేపాకును సరిగ్గా చూడలేదు ఇద్దరమూ.

మునగపూతా, మామిడిపూతా కూడా అందినాయి. మామిడి మీద కూర్చున్న ఆ ఈగ ఉండాది చూడు, దాన్ని పిల్లలు తోలతా ఉండారు.

పోయిన వారం ఇన్స్పెక్ట్రెస్సమ్మ వచ్చి పోయింది. బొమ్మలు చూసి చానా మెచ్చుకున్నది. ఆ సంగతి కాగితం మీద రాసేది కాదు, ఎదురుగా చెప్పాల. ఈ నెల 28న, శనివారం, టీచర్ల మీటింగుకు ఆత్మకూరు వస్తా ఉండాను. మధ్యాన్నం మీ ఇంటికి రావచ్చునా? మీకేమన్నా ఇబ్బందైతే మొహమాటం లేకుండా రాయి. బస్టాండులోనైనా కలుసుకోవచ్చు.

నీ రెబెక


ఆత్మకూరు,
22-3-1953

ప్రియమైన రెబెకా,

బస్టాండేంది, ఆ మాట అన్నందుకు నేను తన్నాల నిన్ను. మా ఇల్లు పెద్ద బజారులో, మా బట్టల అంగడికి ఆనుకొనే ఉండాది. ముందు వాకిట్లోకే రా. దొడ్డిదారి అని ఆలోచన కూడా చెయ్యొద్దు. ఇద్దరం కలిసి అన్నం తిందాం. ఆ ఆకు తప్పు దిద్దుకొని ఇంకో వేపకొమ్మ వేసినా. కానుగ మొగ్గమీద ఉండాది, నువ్వొచ్చే లోపల అది కూడా వేస్తాను.

పన్నెండేళ్ల నుంచి ఈ ఇంట్లో నాకోసమని ఎవరూ రాలేదు. నువ్వే మొదలు. తప్పకుండా రా.

నీ సీత


ఆత్మకూరు,
30-3-1953

ప్రియమైన రెబెకా,

క్షేమంగా ఇల్లు చేరినావని తలుస్తాను. శనివారం నువ్వొచ్చినప్పుడు సరిగా మాట్లాడేదానికి వీలుపడలేదు. మా అత్తమ్మకు ఆ రోజు ఒంట్లో నలతగా ఉండింది. ఇరుగుపొరుగు ఆడోళ్లు కూడా వచ్చుండారు. నేను మా అత్తమ్మతో అన్న మాట నీ చెవిన పడిందో లేదో. పడుంటే వేరేగా అనుకోవద్దు. ఇట్టాంటి ఇండ్లల్లో కొన్ని కట్టుబాట్లు ఉంటాయి, నీకు తెలియంది కాదు. ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం.

కానుగ బొమ్మ నీకియ్యాలని లోపల పెట్టి మర్చేపోయినా. దీనితో పంపుతా ఉండాను. అందినట్టు రాయి.

నీ సీత


ఆత్మకూరు,
20-7-1953

రెబెకా,

మూడున్నర నెలలైంది, నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఉంటుందని ఎదురుచూడటమే నాది సిగ్గులేనితనం. పోయిన ఉత్తరంలో రాసినవన్నీ సాకులు. మా అత్తమ్మకు ఆ రోజు ఏ నలతా లేదు. నా మాట నీ చెవిన పడిందో లేదో అని రాసినా. నువ్వు మూడడుగుల దూరంలో ఉండావు.

జరిగింది నీకు తెలుసు. అయినా నా చేత్తో ఒక్కసారన్నా రాయాల, లేకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

ఈ ఉత్తరాలు ఎవరివి అని మా అత్తమ్మ అడిగితే ఉదయగిరి స్నేహితురాలివి అని చెప్పేదాన్ని. పేరు ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. నిన్ను ముందు వాకిట్లోకి రమ్మని అంత ధైర్యంగా రాసినానే, ఆ ధైర్యం ఎక్కడిదనుకున్నావు? శనివారం పొద్దున్నే ఒక అబద్ధం కట్టి పెట్టుకున్నా. నీ పేరు రుక్మిణి అనీ, మా పుట్టింటి పక్క వీధి కోమట్ల అమ్మాయివనీ చెప్పాలని. నీకు ఆ మాట ముందే చెప్పి ఒప్పించాలని కూడా అనుకోలేదు. నువ్వే అర్థం చేసుకుంటావులే అనుకున్నా. వంటింట్లో రెండు అరిటాకులు కడిగి ఆరబెట్టినా.

మా అత్తమ్మ, పక్కింటి శీనమ్మ, ఇంకో ఇద్దరు పంచలో కూర్చొని కొత్త చింతపండు గింజ తీస్తా ఉండారు. నువ్వు మెట్ల దగ్గర నిలబడి "సీతా!" అని పిలిచినావు. నల్లగొడుగు, తెల్లచీర, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము, నొసట బొట్టు లేదు. మొహమంతా నవ్వు. ఆ నవ్వు చూసి నా రుక్మిణి కథ చాలదని తెలిసిపోయింది. మా అత్తమ్మ "ఎవురే ఆమె?" అని అడిగింది. నా నోట్లోంచి ఇంకో అబద్ధం దానంతటదే వచ్చింది. "ఎవరో మిషను బడి టీచరమ్మ అత్తమ్మా. చందాకొచ్చినట్టుండాది."

ఆమె మంచిగానే మాట్లాడింది. "పాపం, ఎండనబడి వచ్చింది. దప్పికకియ్యి. ఒక అర్ధరూపాయి తెచ్చియ్యి" అన్నది. నేను లోపలికి పోయి చెంబు తెచ్చినా. లోటా తీసుకొని, మళ్లీ పెట్టేసి, చెంబు తెచ్చినా. నువ్వు గొడుగు గోడకు ఆనించి, వంగి, దోసిలి పట్టినావు. నేను మెట్టు పైన నిలబడి పైనుంచి పోసినా. నువ్వు తాగినావు, అంతా తాగినావు. నీ మెడ మీద చెమట కనపడతా ఉండింది. అర్ధరూపాయి నువ్వు చేత్తో అందుకోలేదు, నీ గుడ్డసంచిలో వేసినా. మా అత్తమ్మకు "వందనాలమ్మా" అని చెప్పి మెట్లు దిగిపోయినావు. నా పక్క చూడలేదు.

నువ్వు చూడమన్నట్టు చెట్టు ముందర కూర్చుంటే ఇప్పుడు నాకు ఆకు కనపడదు. దోసిలే కనపడుతుంది. పెన్సిలు పెట్టెలో వేసి తాళం వేసినా. వేపపూత వేసిన చెయ్యే గదా ఆ చెంబు పట్టింది.

క్షమించమని అడగను. అడిగేదానికి మొహం లేదు.

సీత


ఆత్మకూరు,
22-2-1954

రెబెకా,

మళ్లీ వేప చిగురేస్తా ఉండాది. ఈ మధ్యలో కొత్త రాష్ట్రం వచ్చిందని బజారంతా మామిడాకులు కట్టినారు, మిఠాయిలు పంచినారు. నాకేదీ ఒంటబట్టలేదు. ఇది కూడా నువ్వు చించి పారేస్తావేమో తెలియదు. జరిగింది చెప్పాల, అంతే.

మొన్న శుక్రవారం మా పంచలో మళ్లీ చింతపండు పని పెట్టుకున్నారు. ఆ ఆడోళ్లే. మాటల్లో కిరస్తానం వాళ్ల ప్రస్తావన వచ్చింది. శీనమ్మ ఏదో ఎకసెక్కంగా మాట్లాడితే మా అత్తమ్మ, "అట్టనొద్దు. పోయిన ఏడు ఒకామె మనింటికి చందాకొచ్చిందే, ఎంత మర్యాదస్తురాలు! మనం ఇచ్చింది తీసుకొని వందనాలు చెప్పి పోయింది. మా కోడలు చల్లని నీళ్లు పోసింది గూడా" అన్నది. అందరూ నన్ను చూసి మెచ్చుకోలుగా తలలూపినారు.

మెచ్చుకున్నారు రెబెకా. ఆ నీళ్లకు నన్ను మెచ్చుకున్నారు.

నా చేతిలో గింజలు కిందబడినాయి. "ఆమె చందాకు రాలేదు అత్తమ్మా" అన్నా. "ఆమె పేరు రెబెకమ్మ. ఉదయగిరిలో నాతోపాటు చదువుకుంది. నన్ను చూసేదానికి వచ్చింది, నేనే భోజనానికి పిలిచినా. మీరడిగితే అబద్ధం చెప్పినా."

శీనమ్మ కొంగుతో చేతులు తుడుచుకొని పనుందని లేచింది. ఆ వెనకే మిగతావాళ్లూ. మా అత్తమ్మ చింతపండంతా ఒంటరిగా కుండకెత్తుకున్నది. నేను పట్టబోతే వద్దన్నది. దీపాలు పెట్టే వేళకు వంటింటి గడపలో నిలబడి అడిగింది.

"నలుగురిలో నా మొహం ఎట్ట పెట్టుకోవాలనుకున్నావు?"

"మీకు భయపడి చెప్పలేదు అత్తమ్మా" అన్నా.

"నన్ను అడ్డం పెట్టుకోవద్దు. అబద్ధం చెప్పింది నువ్వు. నీళ్లు ఎత్తి పోసింది నువ్వు. నేను దప్పికకియ్యమన్నా, ఎట్టియ్యాల్నో చెప్పినానా? నన్నొక మాట అడిగినావా? అడిగుంటే నేను తిడతానో, లోపలికి రమ్మంటానో, నీకెట్ట తెలుసు?"

రమ్మనేది కాదులే. ఆమె మడీ ఆచారమూ నాకు తెలుసు. అయినా నేను ఆమెను అడగనే లేదు. ఏడాదిగా ఆమెకు భయపడి చేసినా, భయపడి చేసినా అని నాకు నేను చెప్పుకుంటా ఉండాను. ఆ భయం ఆమె చేతిలో పెట్టి నేను చేతులు కడుక్కున్నా. మా ఆయన సంగతంతా విని, "ఏడాదయిందే, ఊరకుంటే పోయేదిగా" అని ఒక్క మాటని అంగడికి పోయినాడు.

నేను ఉదయగిరి వస్తాను. నువ్వు వద్దంటే రాను. రమ్మంటే మీ పిల్లల ముందరైనా సరే, నా నోటితో చెప్పుకుంటాను. ఒక్క ముక్క రాయి, వద్దు అని రాసినా చాలు.

సీత


ఉదయగిరి,
10-3-1954

ప్రియమైన సీతకు,

నీ మూడు ఉత్తరాలూ నా బైబిల్లోనే ఉండాయి. ఒక్కటీ చించలేదు. నువ్వు సిగ్గుతో కుంగిపోతా రాసిన ఆ ఉత్తరాలు నాకు ఏడాదిపాటు ఎంత పనికొచ్చినాయో తెలిస్తే నువ్వే చించేస్తావు.

చెప్పాల్సింది చెప్పేస్తాను. పోయిన మార్చిలో ఇన్స్పెక్ట్రెస్సమ్మ నీ బొమ్మల ముందర నిలబడి "ఎవరు వేసినారు ఇవి?" అని అడిగింది. నేను నోరు తెరిచే లోపల మా హెడ్‌మిస్ట్రెస్సు, "మా రెబెకమ్మేనండీ, చానా పనిమంతురాలు" అన్నది. నేను కాదనలేదు. ఆమె నా పక్క తిరిగి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగింది. అప్పుడన్నా చెప్పుండొచ్చు. "ఏదో, చూసి చూసి వేసినానమ్మా" అన్నాను. సీతా, ఆ చూపు నీది. చెట్టు కింద కూర్చొని చూసినానని నువ్వు ఉత్తరంలో రాసినదాన్నే నాదని చెప్పినాను.

రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటా ఉండగానే బొమ్మల్ని నెల్లూరు ఎగ్జిబిషనుకు పంపినారు. కింద నా పేరు రాసి పంపినారు. అప్పుడు నీకు చెప్పాలని ఆత్మకూరు వచ్చినా. బస్సు దుత్తలూరు దాటినప్పటి నుంచి ఆ మాటే వల్లె వేసుకుంటా వచ్చినా. మీ మెట్ల దగ్గర నా మొహమంతా నవ్వు అని రాసినావే, అది సంతోషం కాదు. భయంతో తెచ్చిపెట్టుకున్న నవ్వు.

నువ్వు నన్ను చందాకొచ్చిందన్నావు. విన్నాను. విన్నప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. ఇంక చెప్పాల్సిన పని లేదు, నువ్వే తప్పు చేసినావు, ఇంక నేను తలెత్తుకోవచ్చు అని. బాధ తరవాత వచ్చింది, దోసిలి పట్టినప్పుడు. దోసిట్లో నీళ్లు తాగేది నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి ఎన్ని ఇండ్ల ముందర తాగినానో. నీ చేత్తో తాగేది కొత్త. ఆ బాధ నిజం, అది ఇప్పటికీ ఉండాది. అయినా దాని వెనక నేను ఏడాది దాక్కున్నా.

ఎగ్జిబిషనులో నాకు యోగ్యతాపత్రం ఇచ్చినారు. జూన్‌లో ఉద్యోగం పర్మనెంటు చేసినారు. ఇన్స్పెక్ట్రెస్సమ్మ ఇంకా బొమ్మలు కావాలని రాస్తే చెయ్యి నొప్పి అని జవాబిచ్చినా. జనవరిలో ఆమె మళ్లీ వచ్చింది. ఆ రోజు కుడిచేతికి గుడ్డ చుట్టుకొని బడికి పోయినా. గొర్రెల వాళ్ల పిల్ల చెంచమ్మ నా చేతిని చూసి, ఇంటికి పోయి, వాళ్ల అవ్వనడిగి వావిలాకు తెచ్చింది. వేడిచేసి కట్టుకో టీచరమ్మా, తగ్గిపోతాది అని. పిల్లలకు రోజూ ఉన్నది ఉన్నట్టు చూడండని చెప్పే నోటితో ఆ పిల్లకు నొప్పి ఇక్కడ, ఇక్కడ అని చూపించినాను. అంతకంటే సిగ్గుపడే పని ఈ జన్మలో చెయ్యలేదు.

నీ ఉత్తరం వచ్చినాక, నువ్వు మీ అత్త ముందర నోరు తెరిచినాక, ఇంక నేను మూసుకొని ఉండలేకపోయినా. ముందు హెడ్‌మిస్ట్రెస్సుకు చెప్పినా. "నీకేమన్నా పిచ్చా? నా పేరు కూడా పోతుంది, ఊరుకో" అన్నది. నేనే ఇన్స్పెక్ట్రెస్సమ్మకు రాసి పంపినా. మొన్న జవాబొచ్చింది. పత్రం తిప్పి పంపమన్నారు. ఉద్యోగం సంగతి ఆలోచించి తెలియజేస్తారంట. మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

నువ్వు మంచిదానివి, నీదీ నాదీ సరికి సరి అంటావు. అనొద్దు. రెండింటినీ ఒక తక్కెట్లో పెట్టొద్దు. నువ్వు చేసింది మా వాళ్లకు వెయ్యిమంది చేసినారు. నేను చేసింది నీకు నేనొక్కతే చేసినా. దేని బరువు దానిదే.

రమ్మని అడిగే అర్హత నాకు ఇప్పుడు లేదు. రావద్దని రాసేంత మంచితనమూ లేదు.

రెబెక


ఆత్మకూరు,
16-3-1954

ప్రియమైన రెబెకా,

నీ ఉత్తరం చదవంగానే నాకేమనిపించిందో ముందు అదే రాస్తాను. సంతోషమేసింది. నా తప్పు తేలికైపోయిందని, నీది కూడా ఒకటి దొరికిందని. వంటింట్లో నిలబడి చదువుతా, నవ్వినా కూడా. పొయ్యి మీద పాలు పొంగితే ఆ నవ్వుతోనే దించినా. కాసేపటికి గిన్నె వంక చూస్తే నా మొహం నాకే అసహ్యమేసింది. ఏడాదిపాటు నీ ముందర మోకరిల్లి రాసినదాన్ని, చేతికి ఒక రాయి దొరకంగానే ఎట్ట లేచి నిలబడినానో చూడు.

ఆ తరవాత కోపమొచ్చింది. మూడు రోజులైంది. ఇప్పటికీ ఉండాది. ఈ ఇంట్లో ముగ్గు మా అత్తమ్మది, వంట మా అత్తమ్మది, అంగడి మా ఆయనది. నాది అనేదానికి నాకున్నవి ఆ నాలుగు అట్టలే. వాటి కింద పేరు రాయాలని నాకు తోచలేదు గాని, ఇంకొకరు రాసుకుంటే ఇంత మండుతుందని తెలియదు. చేతికి గుడ్డ చుట్టుకున్నావని చదివితే నవ్వొస్తుందేమో అనుకుంటావు. రాలేదు. చెంపమీద కొట్టాలనిపించింది.

సరికి సరి అననులే. నువ్వు రాసింది నిజం. నీకు నేను చేసింది ఇప్పటికీ మా వాకిట్లో రోజూ ఎవరో ఒకరికి జరుగుతా ఉండాది. నిన్న కూడా జరిగింది. ఆదెయ్య అని మాకు కట్టెలు తెచ్చే ఆయన దప్పికని అడిగినాడు. నేను లోటాతో తీసుకుపోయి చేతికిచ్చినా. ఆయన భయపడి అందుకోలేదు. "వద్దమ్మా, ఎప్పుడూ ఉన్నట్టే పొయ్యి" అన్నాడు. నేను లోటా పట్టుకొని అట్టనే నిలబడినా, ఆయనా అట్టనే నిలబడినాడు. చివరకు తాగకుండానే పోయినాడు. నాకోసం నేను చేసిన మంచికి ఆయనకు దప్పిక మిగిలింది. ఇవన్నీ ఒకరోజులో కుదిరేవి కాదని అప్పుడు తెలిసింది.

శనివారం పొద్దున బస్సుకు వస్తా ఉండాను. మా ఆయన్ను అడిగితే, "మీ అత్తనడుగు" అన్నాడు. ఈసారి అడిగినా. మా అత్తమ్మ విసనకర్ర ఆపి, "ఏం తింటావు అక్కడ?" అన్నది.

"వాళ్లింట్లో ఏం వండితే అది" అన్నా.

విసనకర్ర ఒళ్లో పెట్టుకొని, "పోతే పో. వచ్చినాక దొడ్లోకొచ్చి, తలమీద నీళ్లు పోసుకొని లోపలికి రా" అన్నది.

"పోసుకోనత్తమ్మా. ముందు వాకిట్లోంచే వస్తా" అన్నా.

ఆమె విసనకర్ర మళ్లీ ఊపుకుంటా గోడపక్కకు తిరిగింది. ఆదివారం సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఆ తలుపు తెరిచుంటుందో మూసుంటుందో నాకు తెలియదు. తెలియకుండానే బయల్దేరతా ఉండాను.

మీ ఇన్స్పెక్ట్రెస్సమ్మ ఏం రాస్తుందో రాయనీ. ఆ బొమ్మలు నావని, వేయించింది నువ్వేనని, రెండూ కలిపి నేనే ఆమెకు రాస్తాను. నీ ఉద్యోగం కోసం అబద్ధం మాత్రం రాయను. ముందు మీ అమ్మకు చెప్పు. నేనొచ్చేసరికి ఆమెకు తెలిసుండాల. చెంచమ్మకు కూడా నువ్వే చెప్పు, నీ నోటితో. ఆ పిల్ల ముందర నేను నీ పక్కన నిలబడతాను గాని నీకు బదులు మాట్లాడను.

నన్ను చూడంగానే ఏడవొద్దు. క్షమించమనీ అనొద్దు. నేనూ అనను. నిన్ను తిట్టేవి చానా ఉండాయి, మోదుగల దాకా నడుస్తా తిడతాను. నువ్వూ మనసులో పెట్టుకున్నవన్నీ తిట్టు, ఏడాదివే కాదు, ఐదో తరగతి నుంచి ఉన్నవన్నీ. మిగిలిన పొద్దుకు బొమ్మలేద్దాం. నీ ఆవు బల్లలాగే వచ్చినా సరే, కింద నీ పేరే రాయి.

నీ స్నేహితురాలు,
సీతమ్మ